పదిహేనేళ్లకే కెప్టెన్... నాయిన అడ్మిరల్ మరి!

పోయిన సంచికలో నౌకాదళం గురించి రాస్తూ, ఇంగ్లండులో ఒకప్పుడు పదిహేనేళ్ల పిల్లవాడు యుద్ధనౌకకు కెప్టెన్ అయ్యాడని ఒక్క వాక్యం వదిలాను. అంతే, వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాని మీదే. కొన్ని చరిత్ర ప్రశ్నలు, కొన్ని మాత్రం సొంత ఇంటి గోడు. విడదీయకుండా కలిపే వేస్తున్నాను.

ప్రశ్న: సార్, ఆ పదిహేనేళ్ల కెప్టెన్ సంగతి నిజమేనా, లేక మీరు సరదాకి రాశారా? అంత చిన్నోడిని కెప్టెన్‌గా ఎట్ల పెట్టారు? అడిగేటోడే లేడా?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: నిజమే తమ్ముడూ. అతని పేరు జాన్ రాడ్నీ. 1765లో పుట్టాడు, 1780లో కెప్టెన్ అయ్యాడు, లెక్క నువ్వే వేసుకో. తండ్రి సర్ జార్జ్ రాడ్నీ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజుల్లో వెస్టిండీస్ వైపు బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్. ఈ పిల్లవాడు లెఫ్టినెంట్ కావడం, దాని పైమెట్టు కమాండర్ కావడం, ఆ పైన కెప్టెన్ కావడం, మూడూ కొద్ది వారాల్లో అయిపోయాయి. మన దగ్గర రేషన్ కార్డులో పేరు ఎక్కడానికే అంతకంటే ఎక్కువ టైం పడుతుంది.

రూల్స్ లేవా అంటే, బ్రహ్మాండంగా ఉన్నాయి. పెద్దిళ్ల పిల్లలు ఏ పనీ రాకుండానే ఆఫీసర్ల పేరుతో ఓడలెక్కుతున్నారని విసిగిపోయి, శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ కార్యదర్శి 1677లోనే లెఫ్టినెంట్ కావాలంటే పరీక్ష పాస్ కావాలని పెట్టించాడు. రాడ్నీల కాలానికి ఆ నియమం ఇంకా గట్టిపడింది: ఆరేళ్లు సముద్రం మీద పని చేసి ఉండాలి, వయసు ఇరవై నిండాలి, అప్పుడే పరీక్ష. పదిహేనేళ్లవాడికి ఇరవై ఎట్లా నిండుతాయో ఎవరూ అడగలేదు. అడగాల్సినవాడే నాయిన కాబట్టి.

ఇందులో అసలు కిటుకు దూరంలో ఉంది. లండన్ నుంచి వెస్టిండీస్‌కు ఉత్తరం పోవాలంటే వారాల ప్రయాణం, గాలి అనుకూలించకపోతే నెలలు. అక్కడ జ్వరాలతో ఆఫీసర్లు చచ్చిపోతుంటారు, శత్రువుల ఓడలు చేజిక్కుతుంటాయి, వాటికి వెంటనే కెప్టెన్లు కావాలి. ప్రతిదానికీ లండన్‌ను అడుగుతూ కూర్చుంటే యుద్ధం నడవదు కాబట్టి, ఖాళీ పడిన చోట మనిషిని పెట్టే అధికారం అక్కడి పెద్ద అడ్మిరల్‌కే ఇచ్చారు. తరవాత లండన్ వాళ్లు ముద్ర వేస్తారు. మామూలుగా వేసేస్తారు కూడా, ఎందుకంటే గెలిచే అడ్మిరల్‌తో ఎవడు పెట్టుకుంటాడు? అక్కరకు ఇచ్చిన అధికారం అది, దాన్ని జార్జ్ రాడ్నీ కొడుకు కోసం వాడుకున్నాడు. ఆయనొక్కడే వాడుకున్నాడా అంటే కాదు, చాలామంది వాడారు, కానీ ఇంత బాహాటంగా, ఇంత చిన్న వయసువాడికి వాడిన వాళ్లు తక్కువ.

ఇంకో సంగతి, డబ్బు. శత్రువు ఓడను పట్టుకుంటే దాని విలువను ఎనిమిది వాటాలు చేసి పంచుకునేవారు. ఆ రోజుల్లో కెప్టెన్ వంతు మూడు వాటాలు, అందులో ఒకటి పైనున్న అడ్మిరల్‌కు పోతుంది. నావికులంతా కలిసి, అంటే వందల మంది, పంచుకునేది రెండు వాటాలు. అంటే కొడుకును కెప్టెన్ చేయడమంటే గౌరవం ఒక్కటే కాదు, సంపాదన కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. జార్జ్ రాడ్నీకి డబ్బు కరువు కొత్తేమీ కాదు. జూదంలో, ఎన్నికల ఖర్చుల్లో మునిగి అప్పులవాళ్లకు భయపడి పారిస్ పారిపోయి కొన్నేళ్లు అక్కడే ఉన్నాడు. చివరికి బీరాన్ అనే ఫ్రెంచి మార్షల్ అప్పిస్తే బాకీలు తీర్చుకుని 1778లో ఇంగ్లండు తిరిగొచ్చాడు. 1782లో సెయింట్స్ దీవుల దగ్గర ఫ్రెంచి నౌకాదళాన్నే చిత్తుగా ఓడించాడు. ఆ అప్పిచ్చిన పెద్దమనిషి ఏమనుకున్నాడో!

పదిహేనేళ్ల పిల్లవాడు ఓడ ఎట్లా నడిపాడని నీ ప్రశ్న. ఇట్లాంటి కెప్టెన్ల కింద సాధారణంగా ఒక అనుభవమున్న ఫస్ట్ లెఫ్టినెంట్ ఉంటాడు, పని అంతా అతనిదే. గాలి ఎటు తిరుగుతోంది, తెరచాప ఎప్పుడు దించాలి, ఎవడికి శిక్ష వేయాలి, అన్నీ ఆయనే చూసుకుని చిన్నదొర దగ్గరికి వెళ్లి టోపీ తీసి, మీ ఆజ్ఞ ఏమిటి అని అడగాలి. మన ఊళ్లలో సర్పంచ్ సంతకం ఒకరిది, పెత్తనం ఇంకొకరిది ఉంటుంది చూడు, ఇదీ అట్లాంటిదే.

తరవాత ఏమయ్యాడంటావా? తండ్రి 1792లో పోయాడు. 1795లో ప్రమాదంలో కొడుకుకు ఒక కాలు పోయింది. ఆ తరవాత అతని పేరు వినిపించేది సముద్రం మీద కాదు, సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో. 1806 నుంచి 1833 దాకా అక్కడి బ్రిటిష్ ప్రభుత్వానికి చీఫ్ సెక్రటరీగా కూర్చున్నాడు. అంటే నాయిన పోయి పద్నాలుగేళ్లయ్యాక కూడా ఆ ఇంటిపేరు పని చేసింది. 1847లో చనిపోయాడు, అప్పటికీ కెప్టెనే. పదిహేనేళ్లకు ఎక్కిన మెట్టు నుంచి ఎనభై దాటేదాకా ఇంకో మెట్టు ఎక్కలేదు. చెప్పుకోదగ్గ యుద్ధ విజయం ఒక్కటి కూడా అతని పేరున నిలవలేదు.

ప్రశ్న: మీ వ్యాసంలో వెటకారం కనిపించింది. నెల్సన్ అంతటివాడు కూడా మేనమామ అండతోనే పైకొచ్చాడు. పిల్లవాడు సమర్థుడైతే తండ్రో మామో చేయి అందిస్తే తప్పేమిటి? ఆ పదిహేనేళ్ల కుర్రాడు మాత్రం ఏం పాపం చేశాడు?
– రిటైర్డ్ టీచర్, నాగర్‌కర్నూల్

జవాబు: మాష్టారూ, కుర్రాడిది పాపమని నేను అనను. పదిహేనేళ్లవాడికి నాయిన ఓడ ఇస్తానంటే వద్దంటాడా! నా కోపం పెద్దాయన మీదే.

నెల్సన్ విషయం మీరు చెప్పింది అక్షరాలా నిజం. మేనమామ మారిస్ సక్లింగ్ 1775లో నౌకాదళానికి కంప్ట్రోలర్ అయ్యాడు, పెద్ద పదవి. 1777లో నెల్సన్ లెఫ్టినెంట్ పరీక్షకు కూర్చుంటే ఎదురుగా బోర్డులో కూర్చున్నది ఆ మామే. అప్పటికి నెల్సన్ వయసు పద్దెనిమిది, నియమం ప్రకారం ఇరవై ఉండాలి. ఇరవయ్యో ఏట 1779లో కెప్టెన్ కూడా అయిపోయాడు. కానీ ఒక తేడా చూడండి. నెల్సన్ పన్నెండో ఏట ఓడెక్కాడు. పరీక్ష నాటికి వెస్టిండీస్ వెళ్లొచ్చాడు, ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రాల్లోకి వెళ్లొచ్చాడు, మన హిందూ మహాసముద్రంలో తిరిగి జబ్బు పడి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. మామ తలుపు తీశాడు, లోపల ఏం చేయాలో మేనల్లుడికి తెలుసు.

అసలు చిక్కు ఏమిటంటే, పలుకుబడి తలుపు తీసేటప్పుడు లోపలికి వచ్చేవాడు నెల్సనా, జాన్ రాడ్నీయా అని చూడదు. అదే తాళంచెవి ఇద్దరికీ పని చేస్తుంది. అలెగ్జాండర్ కోక్రేన్ అని ఇంకో అడ్మిరల్ ఉన్నాడు. తన అన్న కొడుకు థామస్ అయిదారేళ్ల పిల్లవాడిగా ఇంట్లో ఆడుకుంటుంటేనే, ఓడల హాజరు పట్టీల్లో వాడి పేరు రాయించి సర్వీసు లెక్క మొదలుపెట్టించాడు. కాలేజీకి పోకుండా అటెండెన్స్ వేయించుకునే మన పిల్లలకు వాడు పెద్దన్న! ఆ పిల్లవాడు నిజంగా ఓడెక్కింది 1793లో, పదిహేడేళ్లప్పుడు. అయితే ఆ థామస్ కోక్రేన్ తరవాత అసాధ్యుడైన నావికుడయ్యాడు, చిలీ దేశపు నౌకాదళాన్ని నడిపి వాళ్ల స్వాతంత్ర్య యుద్ధంలో పేరు తెచ్చుకున్నాడు. అదే అలెగ్జాండర్ తన సొంత కొడుకును, అతని పేరూ థామసే, 1806లో పదిహేడేళ్లకు కెప్టెన్‌ను చేశాడు. అతనూ చెడిపోలేదు, ముసలితనంలో నౌకాదళంలోని అత్యున్నత హోదా దాకా వెళ్లాడు. కాబట్టి తండ్రి పేరుతో వచ్చినవాళ్లంతా పనికిరానివాళ్లని నేను అనడం లేదు.

ఇంకో కొడుకు కథ వినండి, ఇది మన మద్రాసు తీరంతో ముడిపడింది. ఎడ్వర్డ్ పెల్యూ అనే అడ్మిరల్, చిన్నప్పుడే తండ్రి పోయి, గొప్ప కుటుంబం కాకపోయినా సొంత ధైర్యంతో పైకొచ్చినవాడు. అటువంటివాడు 1805 నుంచి తూర్పు సముద్రాల మీద అధికారిగా మద్రాసులో ఉన్నప్పుడు ఏం చేశాడు? తన కొడుకులకు ఓడలు పంచాడు. రెండోవాడు ఫ్లీట్‌వుడ్‌కు ఫేటన్ అనే యుద్ధనౌక ఇచ్చాడు. ఆ కుర్రాడు 1808 అక్టోబర్‌లో డచ్చి జెండా కట్టుకుని మోసంగా జపాన్‌లోని నాగసాకి రేవులోకి చొరబడి, డచ్చి ఉద్యోగులను పట్టుకుని, నీళ్లు, తిండి ఇవ్వకపోతే రేవులో ఉన్న ఓడలు తగలబెడతానని బెదిరించాడు. వయసు పంతొమ్మిది నిండలేదు. అడిగినవి ఇచ్చి పంపాల్సి వచ్చింది. రేవును కాపాడలేకపోయానన్న అవమానంతో నాగసాకి పాలనాధికారి ఆత్మహత్య చేసుకున్నాడు. ఇదే ఫ్లీట్‌వుడ్ అరవై దాటాక, 1850లలో, తూర్పు దేశాల నౌకాదళానికి అధిపతిగా వచ్చి, హాంకాంగ్‌లో నావికులను ఒడ్డుకు దిగనివ్వకపోతే ఓడలో తిరుగుబాటు లేచింది. లండన్ వాళ్లు వెనక్కి పిలిపించారు. కష్టపడి పైకొచ్చిన తండ్రికే కొడుకు దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకుపోయాయంటే, మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది మాష్టారూ.

ఇప్పుడు మీరు అడగని మనిషి గురించి చెప్తాను. జేమ్స్ కుక్. పొలంలో కూలి చేసుకునేవాడి కొడుకు. బొగ్గు మోసే ఓడల్లో పని నేర్చుకుని 1755లో మామూలు నావికుడిగా నౌకాదళంలో చేరాడు. పటాలు గీయడంలో ఆయనను మించినవాడు లేడని పేరు వచ్చాక కూడా లెఫ్టినెంట్ అయ్యేసరికి 1768 వచ్చింది, అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. పసిఫిక్ మహాసముద్రంలో రెండు మహా యాత్రలు చేసి, న్యూజిలాండ్ తీరమంతా పటం గీసి వచ్చాక గానీ కెప్టెన్ హోదా ఇవ్వలేదు. 1775లో, నలభై ఆరేళ్లకు! అయిదేళ్ల తరవాత అదే హోదా జాన్ రాడ్నీకి పదిహేనేళ్లకు వచ్చింది.

పైగా ఆ హోదాకు ఒక గుణం ఉంది. కెప్టెన్ల జాబితాలో పేరు ఎక్కిన తేదీని బట్టే సీనియారిటీ. పదిహేనేళ్లవాడు ముందు ఎక్కితే, ఆ మర్నాడు ఎక్కిన నలభై ఏళ్లవాడు కూడా జీవితాంతం వాడి వెనకే. ఇద్దరూ ఒకచోట కలిస్తే మాట చెల్లేది ఆ పిల్లవాడిదే. ఆ వెనక నిలబడిన వాళ్ల పేర్లు మనకు తెలియవు, అందుకే కథ చెప్పేటప్పుడు అందరం కుర్రాడి గురించే మాట్లాడుకుంటాం. మీరు ఇన్నేళ్లు పాఠం చెప్పారు, ఫస్టొచ్చి ఇంటికాడ కూర్చున్న పిల్లలు మీకు నాకంటే ఎక్కువ తెలుసు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అప్పటి బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్ పోస్టులు బాహాటంగా డబ్బుకు అమ్మేవారు, 1871 దాకా. నౌకాదళంలో ఆ అమ్మకం లేదు. అందుకని మేమే నయం అని నౌకాదళం వాళ్లు మురిసిపోయేవారట. డబ్బు అడగలేదు, నాయిన ఎవరని అడిగారు, అంతే తేడా.

ప్రశ్న: ఇప్పుడు మన నేవీలో కూడా అట్ల పదిహేనేళ్లకు కెప్టెన్ అయ్యే ఛాన్సుందా సార్?
– కల్వకుర్తి

జవాబు: లేదు. పదహారున్నర దాటితేనే ఎన్‌డీఏలో, అంటే ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో, అడుగు. కమిషన్, అంటే ఆఫీసర్ నియామకం, వచ్చాక కమాండర్ దాకా కాలాన్ని బట్టి ప్రమోషన్ వస్తుంది, దానికే పదమూడేళ్ల సర్వీసు. ఆ పైన కెప్టెన్ కావాలంటే సెలక్షన్ బోర్డు దాటాలి, లేదంటే ఇరవై ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆగాలి.

ప్రశ్న: అన్నా, మా బాబు ఎన్‌డీఏ రాత పరీక్ష పాసయ్యాడు. ఇంటర్వ్యూకి పిలుపు రావాలి. మహబూబ్‌నగర్‌లో ఒకాయన, తనకు పైన మనుషులున్నారని, కొన్ని లక్షలు పెడితే సెలక్షన్ చేయిస్తానని, కాకపోతే మొత్తం వాపస్ ఇస్తానని అంటున్నాడు. మా ఆయన రెండెకరాలు అమ్ముదామంటున్నాడు. పైరవీ లేకపోతే పని కాదని అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కొత్తకోట

జవాబు: అక్కా, ముందు బావగారిని ఆ భూమి కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయమనండి.

ఇక ఆ మనిషి లెక్క ఎట్లా ఉంటుందో చెప్తాను. ఆయన పది మంది దగ్గర తీసుకుంటాడు. ఎవరి కోసమూ ఒక్క ఫోన్ కూడా చేయడు. ఆ పదిమందిలో ఒకరో ఇద్దరో సొంతంగా సెలక్ట్ అవుతారు, వాళ్ల డబ్బు ఆయనకు మిగులుతుంది, పైగా నేనే చేయించానని పేరు కూడా వస్తుంది. మిగతావాళ్లకు తిప్పితిప్పి కొంత ఇస్తాడు. వాపస్ ఇస్తాడు కదా అని అందరూ నమ్మేది ఇందుకే. పోయేది ఏముంది అనుకుంటారు, పోయేది భూమి.

మీ బాబు వెళ్లబోయే ఎస్ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ, ఎట్లా జరుగుతుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. అయిదు రోజులు అక్కడే ఉంచుతారు. మొదటి రోజే వడపోత, అందులో పోయినవాళ్లను అదే రోజు ఇంటికి పంపేస్తారు. నిలిచినవాళ్లను మూడు రకాలుగా చూస్తారు. ఒకరు సైకాలజిస్ట్, ఆయన పిల్లలతో కూర్చుని మాట్లాడడు, వాళ్లు రాసిన కథలు, వాక్యాలు చదివి మనిషిని అంచనా వేస్తాడు. ఇంకొకరు మైదానంలో గుంపుతో పనులు చేయించి చూస్తాడు. మరొకరు ఇంటర్వ్యూ చేస్తాడు. మనసా, వాచా, కర్మణా అని వాళ్లే చెప్పుకుంటారు. ముగ్గురూ ఎవరి లెక్క వాళ్లు విడిగా వేసుకుని చివరి రోజు ఒకచోట కూర్చుంటారు. ఈ ముగ్గురిలో మీ ఆయన ఇచ్చే డబ్బు ఎవరికి చేరుతుందని ఆ మహబూబ్‌నగర్ పెద్దమనిషిని ఒకసారి అడిగి చూడండి.

మార్కుల సంగతి కూడా చూడండి. రాత పరీక్ష 900, ఎస్ఎస్‌బీ 900. మీ బాబు సగం దారి తన కాళ్లతోనే నడిచి వచ్చాడు. మొదటిసారి వెళ్లే పిల్లలకు రైలు చార్జీలు కూడా వాళ్లే ఇస్తారు.

అంతా పాలల్లా స్వచ్ఛమని మీకు అబద్ధం చెప్పను. సైన్యం ఆఫీసర్ల ఎంపికలో లంచాలు తీసుకున్నారని 2021లో సీబీఐ కొందరు సైనికాధికారుల మీదే కేసు పెట్టింది. మెడికల్ పరీక్షలో ఫెయిలైనవాళ్లను రెండోసారి పాస్ చేయించడం చుట్టూ వచ్చిన ఆరోపణలు అవి. కానీ దాంట్లో ఇంకో ముక్క ఉంది. అట్లాంటి కేసు తగిలితే డబ్బిచ్చిన ఇంటివాళ్లు కూడా చిక్కుకుంటారు, పిల్లవాడి ఉద్యోగం పోవడంతో ఆగదు. మీ బాబుకు అది కావాలా?

ఆ లక్షల్లో ఒక చిన్న ముక్క ఖర్చు పెట్టండి చాలు. వాడికి రోజూ ఒక ఇంగ్లిష్ పేపరు వేయించండి, నలుగురు స్నేహితులతో ఏదైనా విషయం మీద గట్టిగా మాట్లాడడం అలవాటు చేసుకోమనండి, పొద్దున్నే పరుగు. ఇంటర్వ్యూ ఫారంలో తల్లిదండ్రుల చదువు, వృత్తి, ఆదాయం రాయాలి. వ్యవసాయం అని రాయడానికి మన పిల్లలు ముడుచుకుపోతారు, అది మానుకోమనండి. ఎన్ని ఎకరాలు, ఏ పంట, బోరులో నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయి, పోయినేడు పత్తికి ఎంత పెట్టుబడి అయింది, వీటికి టక్కున జవాబు చెప్పే పిల్లవాడిని వాళ్లు శ్రద్ధగా వింటారు. నాన్న చేసే పనే తెలియని పిల్లవాడు అక్కడ తడబడతాడు.

ఇప్పటికే అడ్వాన్స్ ఏమైనా ఇచ్చి ఉంటే దాచిపెట్టకుండా పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి.

ప్రశ్న: సముద్రమే చూడని పాలమూరోళ్లకు నేవీ ముచ్చట్లు ఎందుకు సార్?
– మక్తల్

జవాబు: సముద్రం మన దగ్గరికి రాలేదు గానీ నేవీ వచ్చింది. పక్కనే వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో, నీళ్ల కింద ఉండే సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే నేవీ స్టేషన్‌కు 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. చెట్ల కోసం ఆ చుట్టుపక్కల జనం కొట్లాడారు, ఆ బాధ నాకూ ఉంది. ఇక ముచ్చట్లంటారా, దేశంలో ఏ మూల డ్యాం కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీలే. సముద్రం చూడకపోవడం మన పిల్లలకు అడ్డమెందుకు అవుతుంది?

ప్రశ్న: మీరు ఎన్ని చెప్పినా, ఆఫీసర్ కొడుకే ఆఫీసర్ అవుతాడు, కూలోడి కొడుకు సిపాయి అవుతాడు. బ్రిటిషోడు పోయినా ఇది పోలేదు. ఒప్పుకోండి.
– నకిరేకల్

జవాబు: సగం ఒప్పుకుంటాను. ఆఫీసర్ల పిల్లలు కంటోన్మెంట్‌లో పెరుగుతారు, ఇంగ్లిష్ నోట్లోనే ఉంటుంది, ఈత, గుర్రం, మైదానం చిన్నప్పటి నుంచీ. భోజనాల బల్ల దగ్గరే ఎస్ఎస్‌బీ గురించి వింటారు. ఎవరూ సిఫారసు చేయక్కర్లేదు, ఆ పెంపకమే పెద్ద సిఫారసు. దీన్ని ఏ రూలూ తీసేయలేదు.

మిగతా సగం దగ్గర ఆగండి. మీకు పక్కనే ఉన్న సూర్యాపేట నుంచి వెళ్లిన కల్నల్ సంతోష్ బాబు ఏ సైనికాధికారి కొడుకూ కాదు, తండ్రి బ్యాంకు ఉద్యోగి. పిల్లవాడు విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు, అక్కడి నుంచి ఎన్‌డీఏ, బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్ దాకా వెళ్లాడు. 2020 జూన్ 15న గల్వాన్‌లో ముందు నిలబడి ప్రాణం ఇచ్చాడు, మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయన సూర్యాపేట నుంచి కోరుకొండ ఎట్లా చేరాడో చూడండి, ఆరో తరగతిలో చేరడానికి రాసే ఒక ప్రవేశ పరీక్ష. మన మండలాల్లో ఎన్ని స్కూళ్లలో ఆ పరీక్ష పేరు పిల్లలకు చెప్తున్నారు? మీ కోపం అక్కడ పెడితే నేనూ మీతో వస్తా.

ఇంకో మాట, నావికుడిగా చేరినవాడు అక్కడే ఆగిపోవాలని ఇప్పుడు లేదు. సర్వీసులో ఉంటూనే పరీక్ష రాసి, ఎస్ఎస్‌బీ దాటి ఆఫీసర్ కావడానికి నేవీలో దారి ఉంది. తక్కువమందే అవుతారు, నిజమే.

ప్రశ్న: నమస్తే సార్. నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. మా చిన్నాయన నేవీలో పెట్టీ ఆఫీసర్‌గా, అంటే నావికుల్లోనే ఒక హోదాలో, విశాఖపట్నంలో చేస్తున్నారు. ఆయన చెప్తే నాకు ఆఫీసర్ సీటు వస్తదని నాయినమ్మ అందరికీ చెప్తోంది. చిన్నాయన మాత్రం నవ్వి ఊరుకుంటున్నారు. నాకు ఈత కూడా రాదు. ఏం చేయాలి?
– ఒక అమ్మాయి, దేవరకొండ

జవాబు: బిడ్డా, మీ చిన్నాయన నవ్వులోనే జవాబు ఉంది. ఆయన చెప్తే సీటు రాదు. ఆయన చెప్తే నీకు తెలివి వస్తుంది, అది తీసుకో. ఓడ మీద డ్యూటీ ఎట్లా ఉంటుంది, మంచి ఆఫీసర్‌ను నావికులు ఎందుకు గౌరవిస్తారు, ఎవరిని చూసి లోపల నవ్వుకుంటారు, ఇవి పుస్తకాల్లో దొరకవు. ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడుగు. నాయినమ్మను మాత్రం ఆపొద్దు, ఆమె ఆనందం ఆమెది.

నీకు ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌డీఏ. 2021లో సుప్రీంకోర్టు చెప్పాక అమ్మాయిలకు తలుపు తెరుచుకుంది, మొదటి బ్యాచ్ 2022లో చేరి 2025 మేలో బయటికొచ్చింది, పదిహేడు మంది. రాత పరీక్షలో లెక్కలకు 300 మార్కులు, మిగతా సబ్జెక్టులన్నీ కలిపి 600. ఏడాదికి రెండుసార్లు పెడతారు. రెండోది జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎస్ఎస్‌బీకి పిలిచే బీటెక్ క్యాడెట్ ఎంట్రీ. దానికి ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 70 శాతం, టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఇంగ్లిష్‌లో 50 శాతం రావాలి. సెలక్ట్ అయితే కేరళలోని ఎజిమల నేవల్ అకాడమీలో నాలుగేళ్లు చదివిస్తారు, ఫీజు లేదు. నువ్వు ఎట్లాగూ జేఈఈకి చదువుతుంటావు కాబట్టి రెండూ పెట్టుకో. ఈ రెండూ తప్పినా దిగులొద్దు, డిగ్రీ అయ్యాక కూడా నేవీలోకి వేరే ఎంట్రీలున్నాయి.

ఈత రాదని భయపడకు, అకాడమీలో నేర్పిస్తారు, తప్పించుకోవడం మాత్రం కుదరదు. డిండి రిజర్వాయర్‌లో సొంతంగా ప్రయోగాలు చేయకు, నేర్పేవాళ్లు ఉన్న చోటే దిగు. ఈత కంటే ముందు చూసుకోవాల్సింది కళ్లు. నేవీలో కంటి చూపు, రంగులు గుర్తుపట్టడం మీద నియమాలు గట్టిగా ఉంటాయి, అన్నీ పాసై ఆఖరున మెడికల్‌లో ఇక్కడే ఆగిపోయే పిల్లలున్నారు. నల్లగొండ వెళ్లి కంటి డాక్టర్ దగ్గర రెండూ చూపించుకుని కాగితం తీసుకో, ఆ తరవాత దరఖాస్తు నింపేముందు నోటిఫికేషన్‌లో రాసిన కొలతలతో నువ్వే పోల్చి చూసుకో. అర్థం కాకపోతే చిన్నాయనకు ఫొటో పంపు.